చిట్టాలో మొదటి పద్దు

విజయనగరం గంటస్తంభం దగ్గర మా నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక, అన్నం తినే ముందు చిట్టా రాసేవారు. కొట్టు లెక్క వేరు, ఇంటి లెక్క వేరు. ఇంటి పుస్తకంలో ఒక పక్క జమ, ఇంకో పక్క ఖర్చు, అడుగున నిల్వ. ప్రతి నెలా ఒకటో తారీఖున ఖర్చు వైపు మొదటి పద్దు ఒక్కటే ఉండేది: "అమ్మ మందులు". మా నాయనమ్మకి ఆయాసం. బియ్యం, మా స్కూలు ఫీజులు, కరెంటు బిల్లు అన్నీ దాని కిందే. బేరం బాగా లేని నెలల్లో కింది పద్దులు తగ్గేవి గానీ ఆ మొదటిది ఎప్పుడూ తగ్గలేదు.

నాకిప్పుడు 47. అమెరికా వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. ఇక్కడి మన తెలుగు సంఘంలో నా ఈడువాళ్లు చాలామందిమి ఉన్నాం. ఇంటి లోను, కార్లు, పిల్లల కాలేజీ ఖర్చు అన్నిటికీ మన దగ్గర లెక్క ఉంది. ఊరికి పంపేదానికి మాత్రం ఉండదు. అమ్మ ఫోన్ చేస్తే పంపుతాం, అన్నయ్య అడిగితే పంపుతాం, ఎవరింట్లోనో పెళ్లంటే పంపుతాం. "కన్నవాళ్లకి పెట్టేదానికి కూడా లెక్కలేమిటి?" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. నేనూ అన్నాను. ఇప్పుడు మాత్రం ఆ మాట తప్పని నమ్ముతున్నాను. లెక్క రాయకపోవడం వల్ల ప్రేమ పెరగదు. అవసరం వచ్చిన రోజున మన చేతిలో ఏమీ ఉండదు, అంతే.

నాకు ఆ రోజు 2014 అక్టోబరు 12న వచ్చింది. దసరా వెళ్లి పది రోజులు కాలేదు. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మూడో రోజు అన్నయ్య ఎక్కడి నుంచో ఫోన్ చేశాడు. కొట్టు మీద రేకులు ఎగిరిపోయాయి, సరుకంతా తడిసిపోయింది, ఇంటి వెనక గోడ కూలింది. మా ఆయనా నేనూ ఆ రాత్రి కూర్చుని చూసుకుంటే, పక్కన పెట్టిన డబ్బంటూ లేదు. క్రెడిట్ కార్డు మీద తీసి పంపాం. అది తీర్చడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ రిటైర్‌మెంట్ ఖాతాలో వేయాల్సింది ఆపేశాం. నాన్న కొట్టు మళ్లీ తెరిచినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే. ఆ సంతోషానికి అంత వడ్డీ కట్టాల్సిన పని లేదు కదా అన్నదే నా బాధ.

తుఫాను మన జిల్లాలకి అనుకోని చుట్టం కాదు. హుద్‌హుద్ తర్వాత నాలుగేళ్లకి, అదే అక్టోబరులో, తిత్లీ పలాస వైపు దాటి ఉద్దానంలో కొబ్బరి తోటల్ని, జీడిమామిడిని నేలమట్టం చేసింది. ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి చెట్టు పడిపోతే ఆ ఇంటికి మళ్లీ కాయ చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో శ్రీకాకుళం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు "ఊరి పద్దు" అని ఒకటి ఉంది. జీతం పడిన రోజునే అందులో డబ్బు పక్కకి వెళ్లిపోతుంది. అమ్మ మందులకీ ఇంటి ఖర్చుకీ నెలనెలా పంపేది ఒక భాగం. రెండోది తుఫాను నిల్వ, ఆసుపత్రి కూడా దాని మీదే. మూడోది టికెట్లు. మేం నలుగురం వెళ్లి రావాలంటే సుమారు 6,000 డాలర్లవుతోంది, అంటే నెలకి 500. ఇది ముందే పక్కన పెట్టాక, మా ఊరి సిరిమానోత్సవానికి వెళ్దామా వద్దా అని ప్రతి ఏడూ పడే టెన్షన్ పోయింది. పైడితల్లమ్మ పండుగకి అమ్మ పక్కన నిలబడగలిగే ఏళ్లు నాకు ఎన్ని ఉన్నాయని!

ఊరి పద్దుకి ఒక హద్దు కూడా రాసుకున్నాం. ఇది చెప్పడానికే నాకు ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. అన్నయ్యకీ వదినకీ విడిగా ఫోన్ చేసి ఏడాదికి ఇంత అని చెప్పాను. నొచ్చుకుంటారేమో అని భయపడ్డాను. వదిన మాత్రం, "ఎంత ఉందో తెలిస్తే మేమూ దానికి తగ్గట్టు చూసుకుంటాం కదమ్మా" అంది. అన్నాళ్లూ మేం ఎంత పంపగలమో తెలియక వాళ్లే ఇబ్బంది పడ్డారని అప్పుడు అర్థమైంది.

హద్దు ఎందుకంటే, మన ముసలితనం కూడా దగ్గరికొస్తోంది. ఒక చిన్న లెక్క చూడండి. నెలకి 500 డాలర్ల చొప్పున 47 నుంచి 62 దాకా దాచి, ఏడాదికి 6 శాతం పెరుగుతుందనుకుంటే సుమారు 1,45,000 అవుతుంది. అదే 52లో మొదలుపెడితే, అంత కూడాలంటే నెలకి దాదాపు 890 వేయాలి. ఆ ఐదేళ్ల ఆలస్యం ఖరీదు అది. అమెరికాలో 50 దాటినవాళ్లకి 401కే అనే ఉద్యోగుల రిటైర్‌మెంట్ ఖాతాలో మామూలు పరిమితి మీద అదనంగా వేసుకునే వీలుంది. ఆ వీలు వాడుకోవడానికి అప్పటికి చేతిలో మిగులు ఉండాలి.

ఇక భోగాపురం ప్లాట్లు. 2023 మేలో అక్కడి ఎయిర్‌పోర్టుకి శంకుస్థాపన అయ్యాక నాకు వచ్చినన్ని ఫోన్లు అంతకు ముందెప్పుడూ రాలేదు. మన జిల్లాకి విమానాశ్రయం వస్తుందంటే ఎవరికి గర్వం ఉండదు? నాకూ ఉంది. కానీ 50 ఏళ్ల వయసులో అప్పు చేసి ప్లాటు కొనొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. డబ్బంతా అక్కడ ఇరుక్కుపోతే అమ్మని ఆసుపత్రిలో చేర్చిన రోజున ఆ ప్లాటు అక్కరకు రాదు. వ్యవసాయ భూమి అయితే ఎన్‌ఆర్‌ఐలకి కొనే వీలే లేదు, వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. బంధువు పేరున కొని ఉంచుదాం అనే సలహా ఇచ్చేవాళ్లని దయచేసి వినొద్దు. అన్నదమ్ముల మధ్య మాటలు పోయేది అక్కడే.

అక్కడ అమ్మానాన్నల దగ్గర సొంత డబ్బుంటే దానికీ శ్రద్ధ కావాలి. అరవై దాటినవాళ్లకి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది, 30 లక్షల దాకా వేయొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. బ్యాంకులో డిపాజిట్లకి బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల వరకే. ఈసారి వెళ్లినప్పుడు పాస్‌బుక్కులు ముందు పెట్టుకుని, నామినీ పేర్లు ఉన్నాయో లేదో చూసి రండి.

కిందటిసారి నేను అదే పని చేస్తుంటే అమ్మ నా పుస్తకం తిరగేసింది. "ఏటే, నా మందులు మొదట్లోనే రాసీసేవా? మీ నాన్నా ఇలాగే రాసీవోరు" అని కాసేపు ఆ పేజీ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

సంఘం పెద్దలకి ఒక విన్నపం. వచ్చే ఉగాది కార్యక్రమంలో పాటలకీ భోజనాలకీ మధ్య ఒక గంట దీనికి ఇవ్వండి. ఎవరి జీతమెంతో ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరి పద్దు ఎలా రాసుకోవాలో, ఇంట్లో వాళ్లకి హద్దు ఎలా చెప్పాలో మాట్లాడుకుందాం. నా పుస్తకం నేను తెస్తాను.