శ్రీ ముట్టుకోకు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ముట్టుకోకు గారికి,

ఉభయకుశలోపరి. పొద్దున లేచింది మొదలు నా నాలుక మీదే మీ కాపురం కాబట్టి మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. మీ తమ్ముళ్లు ఎక్కకు, దూకకు, నోట్లోపెట్టుకోకు గార్లు కులాసాగా ఉన్నారు. మీ చెల్లెలు ఛీఛీ గారైతే కాస్త ఒళ్లు కూడా చేశారు.

మా ఇంట్లో 14 నెలల పిల్ల ఉంది. ఆమె వచ్చాకే కదా మీ ఉద్యోగం పర్మనెంటయింది! నిన్న సరదాకి, గంటలో మిమ్మల్ని ఎన్నిసార్లు పిలుస్తానో చూద్దామని కాగితం మీద గీతలు పెడుతూ కూర్చున్నాను. 11వ గీత దగ్గర పిల్ల వచ్చి పెన్ను పట్టుకుంది. పెన్ను విడిపించడానికి కూడా మీరే రావలసి వచ్చింది. లెక్క అక్కడితో ఆగిపోయింది.

మీ సేవలు మరిచిపోయే మనిషిని కాను. కాగుతున్న నూనె దగ్గర, ప్లగ్గు దగ్గర, మాత్రల డబ్బా దగ్గర మీరు ఉండాల్సిందే. ఆ చిన్న బటన్ బ్యాటరీ సంగతే చూడండి. పిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. అక్కడ మీరు గొంతు చించుకున్నా నాకు ఇంపుగానే ఉంటుంది. (నిజానికి అక్కడ కూడా మీకంటే తాళం నయం. ఈ వయసు పిల్లలకి మీరు సగమే అర్థమవుతారు.) కానీ తమరు అక్కడితో ఆగారా? పొయ్యి దగ్గర కాపలా పెడితే చెంచా మీదికి వచ్చారు. చెంచా నుంచి తువ్వాలుకి, తువ్వాలు నుంచి గోడకి, గోడ నుంచి గడ్డికి, చివరికి నా ముక్కుకి కూడా.

మొన్నటి మూత సంగతి చెప్తాను. వంటింట్లో నేల మీద కూర్చుని పిల్ల ఒక స్టీలు మూతని వదిలింది. అది గిర్రున తిరిగి, అంచు మీద వాలుతూ లేస్తూ మోగి, మోత సన్నబడి సన్నబడి ఆగింది. మళ్లీ వదిలింది. మూడోసారి, ఇంకా మోగుతుండగానే అరచెయ్యి దాని మీద ఆనించింది. మోత టక్కున ఆగింది. చెయ్యి తిప్పి చూసుకుంది, మోత అక్కడేమైనా అంటుకుందేమోనని. చూసే కన్ను, వినే చెవి, వణుకు తెలిసే చర్మం మూడూ ఒకే కబురు చెబుతున్నాయని ఆ చిన్న బుర్రకి అప్పుడప్పుడే తడుతోంది. నాలుగోసారి మూత ఎత్తింది. సరిగ్గా అప్పుడే నాకు ఫోన్ వచ్చింది, మీరు నా నోట్లోంచి ఊడిపడ్డారు. మూత అలమారలోకి పోయింది. మోత ఎక్కడికి పోయిందో తేల్చుకునే పని మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఆ వారమే ‘ఇంద్రియ వికాసానికి’ అని పెద్దక్షరాలతో రాసి ఉన్న పలక ఒకటి ఇంటికొచ్చింది. నేనే తెప్పించాను. దాని మీద ఒక గరుకు గుడ్డ, ఒక మెత్తటి గుడ్డ, ఒక జిప్పు, తడితే మోగే మూత ఒకటి. అవును, మూతే. పిల్ల దాన్ని ఒకసారి తట్టి, అది వచ్చిన అట్టపెట్టెలోకి దూరింది. అందులో కాగితం నలిపితే కరకరమంది, లాగితే చర్రున చిరిగింది. నేనేమో ‘అది ముట్టుకోకు, ఇది ముట్టుకో’ అంటూ పలక వైపు తిప్పుతున్నాను. ఊరికే దొరికిన గరుకుకి మీరు అడ్డం, డబ్బు పోసి కొన్న గరుకుకి మీ అనుమతి. ఇదెక్కడి న్యాయమండీ?

నోట్లోపెట్టుకోకు గారికి కూడా ఒక మాట చెప్పండి. 1937లో విల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్, సహచరుడు బోల్డ్రీతో కలిసి, శరీరంలో దేనికి మెదడులో ఎంత వాటా ఉందో చూపించాడు. వీపుకి పిసరంత. పెదాలకీ వేళ్లకీ మాత్రం జమీందారీ. చేతికందింది నోటికి పోవడం తిండియావ కాదు, తనిఖీ. గొంతుకి అడ్డం పడేవి ముందే ఏరేసి, మిగతావి కడిగి ఇస్తే తమ్ముడుగారికి సగం పని తగ్గుతుంది.

ఎక్కకు, దూకకు గార్లది ఇంకా బళ్లో చదివిన లెక్క, ఇంద్రియాలు ఐదేనని. ఒక్కో చెవి లోపల మూడేసి అర్ధవృత్తపు గొట్టాలుంటాయి. తల తిరిగినప్పుడల్లా వాటిలో ద్రవం కదిలి మెదడుకి కబురు పెడుతుంది. గిరగిరా తిరిగి ఆగాక కూడా గది తిరుగుతున్నట్టుండటం, ఆ ద్రవం ఇంకా ఆగకపోవడం వల్లే. కాలు ఎక్కడుందో, ఎంత బలం పెట్టాలో చెప్పేవి కండరాలూ కీళ్లూ. సోఫా ఎక్కి దిగడం, తనకన్నా పెద్ద దిండుని ఈడ్చడం వాటికి సాధన. ఈ కబుర్లన్నిటినీ మెదడు ఎలా కలుపుకుంటుందన్న దాని మీద జీన్ ఐర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లోనే పుస్తకం రాశారు. మీ తమ్ముళ్లు చదివినట్టు లేరు.

అన్నీ వద్దన్నాక పిల్ల ఏడుస్తుంది. నేను ఫోన్ ఇస్తాను. విచిత్రం, అప్పుడు మీరు కిక్కురుమనరు! అందులో పిల్లి ఉంది, ఇసుక ఉంది, జలపాతం ఉంది. వేలికి మాత్రం అన్నీ ఒకటే గాజు. రెండేళ్లు నిండని పిల్లలకి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మీరు సరిగ్గా అక్కడే సెలవు పెడతారు.

అసలు గుట్టు చెప్పెయ్యనా? మీరు లేనిచోట నేను కూర్చోవాలి. అదీ నా బాధ. టబ్బులో కాసిన్ని నీళ్లు, రెండు గ్లాసులు పెడితే పిల్లకి గంట గడిచిపోతుంది. కానీ రెండంగుళాల నీళ్లయినా పిల్లని ఒంటరిగా వదలకూడదు. ఒంపినంతసేపూ పక్కనే ఉండాలి, తర్వాత నేల తుడవాలి, గౌను మార్చాలి. మిమ్మల్ని పంపిస్తే అర సెకనులో తేలిపోతుంది.

అలాగని మీ కుర్చీలో మీ దాయాది ముట్టుకో గారిని కూర్చోబెట్టే ఉద్దేశం లేదు. జిగట తగలగానే వేళ్లు చాపి ఏడ్చే పిల్లలుంటారు. వికాసం పేరుతో వాళ్ల చెయ్యి పట్టుకుని అందులోనే ముంచే పెద్దలూ ఉంటారు, ఒక చెంచా ఇస్తే సరిపోయే చోట. బట్ట తగిలినా, చిన్న చప్పుడైనా రోజూ గగ్గోలైతే మాత్రం పిల్లల డాక్టరుకి చూపించాలి. మీ ఇద్దరూ అక్కడ పనికిరారు.

కాబట్టి వేడి, కరెంటు, మందులు, పదును, గొంతుకి అడ్డం పడేవి, ఈ శాఖలు ఉంచుకుని మిగతావాటికి రాజీనామా చెయ్యవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ ఇంటి ఓనరు

తా.క.: ఇది రాస్తుండగా పక్కన మడతపెట్టి ఉంచిన బట్టల దొంతర కూలింది. దుప్పటి కింద ఒక బుడిపె కదులుతోంది. మీరు పరుగున వచ్చారు, ‘ము’ వరకు వచ్చేశారు కూడా. ‘ముందు మధ్యలో కూర్చో’ అని ముగించి, దుప్పటి కొస పట్టుకుని గది ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా లాగాను. మలుపు దగ్గర ఒరగబోయి, రెండు పిడికిళ్లతో దుప్పటి పట్టుకుని నిలదొక్కుకుంది. బట్టలన్నీ మళ్లీ మడతపెట్టాలి.