శ్రీ లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ వారి మహాత్మ్యం

ఉత్తర టెక్సస్‌లో మార్చి నడిమిలో ఒక తేదీ ఉంది. అది దాటాక ఇక ఫ్రాస్ట్, అంటే మొక్కల్ని మాడ్చే గడ్డకట్టే చలి, ఉండదని విత్తనాల ప్యాకెట్టుకు తెలుసు, ఫోన్‌లో యాప్‌కు తెలుసు, వీడియోలో పాఠం చెప్పే ఆవిడకు తెలుసు. ఫ్రాస్ట్‌కు ఒక్కదానికే ఇంకా కబురు అందలేదు.

ఆ తేదీ పేరు లాస్ట్ ఫ్రాస్ట్ డేట్. అమెరికాలో పెరట్లో పూలు వేయాలనుకునేవాళ్ళు ముందు దీనికి దండం పెట్టుకోవాలి. "మీ లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ చూసుకోండి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి, అంతే!" అంటుంది వీడియోలో ఆవిడ. ఆ 'అంతే' దగ్గర నవ్వుతుంది కూడా. ఒంటి మీద లేత గోధుమ రంగు ఏప్రాన్, చేతిలో వెదురుబుట్ట, బుట్టనిండా రనంక్యులస్ పూలు. బుట్టకు మట్టి అంటదు, ఆవిడ గోళ్ళకూ అంటదు. తోట వెనకాల మంచుకొండ కనిపిస్తూ ఉంటుంది. అంటే ఆవిడ కాపురం అమెరికా వాయవ్య మూలన, వసంతం నెలల తరబడి చల్లగా, మర్యాదగా నడిచే చోట. అక్కడ కూర్చుని మా టెక్సస్‌కు ధైర్యం చెబుతోంది.

రనంక్యులస్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం నాలుగు మాటలు. పల్చటి రేకులు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, కొన్ని రకాల్లో వంద దాకా ఉండే పువ్వు ఇది. మొగ్గ వేళ్ళ మధ్య మెత్తగా నొక్కుకునే దశలో కోస్తే వారం, పది రోజులు నీళ్ళలో నిలుస్తుంది. అందుకే పెళ్ళి స్టేజీలు కట్టేవాళ్ళు దీనికోసం పడి చస్తారు. దుంప చూడ్డానికి ఎండు రొయ్యలా ఉంటుంది. ఇటలీ మేలు రకాలైతే ఆ రొయ్య ఒక్కోటి కొన్ని డాలర్లు. దాన్ని మూడు నాలుగు గంటలు నానబెట్టాలి, మరికాస్త నానితే కుళ్ళుతుంది. తర్వాత ఓ రెండు వారాలు చల్లటి చీకటి చోట తడిమట్టి ట్రేలో మొలకెత్తించాలి. నాటిన మూడు నెలలకు గానీ పూయదు. ఆ మూడు నెలలూ అమ్మగారికి రాత్రిళ్ళు 5 నుంచి 10 డిగ్రీలు, పగలు 15 నుంచి 18 డిగ్రీలు ఏర్పాటు చేయాలి. సున్నాకు నాలుగు డిగ్రీల కిందికి దిగితే ఆకులు ఎలాగో ఓర్చుకున్నా మొగ్గలు నల్లబడతాయి. ఎండ 27 దాటి నాలుగు రోజులు నిలిస్తే ఇక సీజన్ అయిపోయిందని ఆకులు పండుబారి, దుంప మట్టిలో ముసుగుతన్ని పడుకుంటుంది. వానకు తడిస్తే రేకుల మీద బూజు. (డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే చెబుతున్నాను. ఇక్కడి ఫారన్‌హీట్‌లో చెబితే మేం బతికున్నామా లేదా అని ఇంటి నుంచి ఫోన్లు వస్తాయి.)

ఇంత నాజూకు పువ్వు ఎక్కడైనా సుఖంగా పూస్తుందా అంటే, పూస్తుంది. కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో కొండవాలు మీద 50 ఎకరాల పైన ఇదే పువ్వు. మార్చి నుంచి మే రెండో వారం దాకా జనం టికెట్టు కొనుక్కుని మరీ చూసి వస్తారు. 1920లలో లూథర్ గేజ్ అనే ఆయన ఆ ప్రాంతంలో వీటి సాగు మొదలుపెట్టాడు. ఆయనకు ఏ కోర్సులోనూ చేరే అవసరం రాలేదు, పక్కన పసిఫిక్ మహాసముద్రం ఉంది కాబట్టి. మాకు పక్కన సముద్రం లేదు. ఓక్లహోమా ఉంది.

అటు, ఉత్తరం నుంచి వచ్చే చలిగాలికి కెనడా దాకా అడ్డు నిలిచే కొండ ఒక్కటీ లేదు. మధ్యాహ్నం పొట్టి చేతుల చొక్కాతో ఆఫీసు పార్కింగ్‌లో దిగినవాడు సాయంత్రం అదే పార్కింగ్‌లో పళ్ళు కొరుక్కుంటూ కారెక్కుతాడు. సోమవారం ఏసీ, గురువారం హీటర్, శనివారం వడగళ్ళు. దీన్ని మేం వసంతం అంటాం, ఇంకో పేరు లేక.

ఇక ఆ మహిమాన్విత తేదీ ఎలా పుట్టిందో చూద్దాం. అమెరికా వాతావరణ శాస్త్రవేత్తలు 30 ఏళ్ళ లెక్కలు తీసి, ఒక ఊళ్ళో ఏ తేదీ తర్వాత ఫ్రాస్ట్ వచ్చే అవకాశం ఎంతో కడతారు. పాపం వాళ్ళు నిజాయితీగానే 10 శాతానికి ఒక తేదీ, 50 శాతానికి ఒక తేదీ, 90 శాతానికి ఒక తేదీ ఇస్తారు. అందులోంచి మధ్యదాన్ని తీసుకుని, పక్కనున్న శాతం చెరిపేసి, ప్యాకెట్టు మీద అచ్చేస్తే అదే లాస్ట్ ఫ్రాస్ట్ డేట్. అంటే రెండేళ్ళకు ఒక ఏడు ఆ తేదీ తర్వాత కూడా ఫ్రాస్ట్ వస్తుందని దాని అసలు అర్థం. బొమ్మ పడితే పూలు, బొరుసు పడితే ఎరువు. ఈ సంగతి ప్యాకెట్టు మీద రాస్తే ఎవరు కొంటారు?

దీనికో అన్నగారు కూడా ఉన్నాడు, జోన్ మ్యాప్ అని. మాది ఎనిమిదో జోన్. ఏడాది మొత్తంలో అతి చలి రాత్రి సగటున సున్నాకు 7 నుంచి 12 డిగ్రీల కిందికి దిగుతుందని దాని హామీ. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో సున్నాకు 19 డిగ్రీల కింద నమోదైంది. 2023లో కొత్త మ్యాప్ వచ్చింది. దేశంలో దాదాపు సగం వెచ్చబడిందని అందులో తేల్చారు. మరి ఆ ఫిబ్రవరి రాత్రి ఏమైందని అడగకండి. మ్యాప్ లెక్క 1991లో మొదలై 2020తో ముగిసింది. మా పైపులు పగిలిన రాత్రి, కరెంటు లేక జనం ఇళ్ళలోనే గడ్డకట్టిపోయిన రాత్రి, లెక్కలోకే రాలేదు.

నా మటుకు నాకు మన పంచాంగమే నయం అనిపిస్తుంది. మేఘాధిపతి ఎవరో, సస్యాధిపతి ఎవరో పేరు పెట్టి చెబుతుంది. పంట పోతే ఎవర్ని తిట్టుకోవాలో తెలుస్తుంది.

పంచాంగం అంటే ఉగాది గుర్తొచ్చింది. మా వైపు మార్చి చివర్లో ఓ స్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుని చేసే ఉగాది సంబరాల్లో ఈ దృశ్యం ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంటుంది. కాస్త ఉప్పూ కారం నావి అనుకోండి. పంతులుగారు నవనాయకుల ఫలాలు చదువుతున్నారు. రాజు అయ్యాడు, మంత్రి అయ్యాడు, మేఘాధిపతి దగ్గరికొచ్చేసరికి హాల్లో సగం ఫోన్లు గుయ్యిమన్నాయి. ఫ్రీజ్ వార్నింగ్. లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ గడిచి పది రోజులు దాటింది. కమిటీ కోశాధికారి గారు లేచి నిలబడ్డారు. ఆయన పెరట్లో రనంక్యులస్ సరిగ్గా మొగ్గ మీదుంది.

"ఏవండీ, కూర్చోండి, మన రాశి ఇంకా రాలేదు" అంది పక్కనుంచి ఆవిడ.

"రాశి ఏదైతే ఏముందే, మనకు వ్యయమే" అని ఆయన తలుపు వైపు పరిగెత్తారు.

దుకాణంలో ఫ్రాస్ట్ క్లాత్ లేదు. ఉన్నదంతా ఆయనకంటే ముందు లేచిన వాళ్ళు పట్టుకుపోయారు. ఇంట్లో దుప్పట్లు కప్పారు. దుప్పట్లు చాలక అత్తగారు ఇండియా నుంచి తెచ్చుకున్న శాలువా కప్పారు. పిల్లల స్లీపింగ్ బ్యాగులు జిప్పు విప్పి కప్పారు. అన్నిటికంటే పొడుగు మడి ఒకటి ఇంకా మిగిలే ఉంది. అప్పుడు కోశాధికారి గారికి స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీ గుర్తొచ్చింది. ఇరవై అడుగుల ఫ్లెక్సీ. ఒక పక్క 'ఉగాది శుభాకాంక్షలు', ఒక పక్క మామిడాకుల తోరణం, నడుమ నిలువెత్తున సూటు వేసుకుని చేతులు కట్టుకున్న ప్లాటినం స్పాన్సరు, రియల్టర్ గారు, ఆయన కింద 'మీ కలల ఇంటికి మా బాధ్యత'. పిల్లల గ్రూప్ డాన్సు మొదలయ్యేలోగా దాన్ని విప్పేసి వ్యాన్‌లో వేసుకొచ్చేశారు. కూచిపూడి పాప వెనక గోడ మీద ఆ స్కూల్ బాస్కెట్‌బాల్ జట్టు స్కోర్‌బోర్డు బయటపడింది.

అర్ధరాత్రి గాలి లేచింది. ఫ్లెక్సీ పైకి లేస్తోంది. బరువులు పెట్టాలి. ఇటుకలు లేవు, ఇసుక మూటలు లేవు. గ్యారేజీలో ఉన్నవి ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలు. సేల్‌లో పెట్టినప్పుడు కొన్నవి. అటు నాలుగు, ఇటు నాలుగు పెట్టారు. తెల్లవారుజామున కుక్కను తిప్పుకుంటూ వచ్చిన పక్కింటి పెద్దాయన కంచె మీదుగా చూశాడు. నేల మీద వెల్లకిలా ఒక మనిషి నిలువెత్తు బొమ్మ, చుట్టూ బియ్యం మూటలు, తలదగ్గర నిద్రలేని కళ్ళతో చేతులు నలుపుకుంటూ ఇంటాయన. పెద్దాయన టోపీ తీసి, మీకు జరిగిన నష్టానికి చింతిస్తున్నానని చెప్పి, కుక్కను మెల్లగా లాక్కుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికల్లా కాలనీ సంఘం నుంచి ఉత్తరం. అనుమతి లేకుండా ఆవరణలో వాణిజ్య ప్రకటన ప్రదర్శించడం నిబంధనలకు విరుద్ధం, పది రోజుల్లో తొలగించకపోతే జరిమానా. పదింటికి రియల్టర్ గారి ఫోన్: "అన్నా, నీ ఇల్లు అమ్ముతున్నావా? ముగ్గురు అడిగారు, నాకు మాటమాత్రం చెప్పలేదేంటన్నా?" ఆ సంజాయిషీ అయ్యేసరికి ఆఫీసు మీటింగు. మీటింగు నుంచి ఇంకో మీటింగు. మధ్యాహ్నం రెండింటికి కోశాధికారి గారు పెరట్లోకి వచ్చేసరికి బయట 28 డిగ్రీలు. ఫ్లెక్సీ ఎత్తితే పాలకూర ఉడికిన వాసన. రాత్రి ఫ్రాస్ట్‌ను గెలిచిన మొక్కలు పగలు రియల్టర్ గారి కింద ఆవిరి పట్టి పోయాయి.

దీని మీద బుట్టావిడ తీర్పు ఏమిటో చెప్పాలా? "మీరు మీ మైక్రోక్లైమేట్‌ను, అంటే మీ పెరటి సొంత వాతావరణాన్ని, అర్థం చేసుకోలేదు." దానికి వేరే కోర్సు ఉంది. పూస్తే ఆవిడ పాఠం గొప్ప, పూయకపోతే మీ పెరడు తప్పు.

నిజానికి ఆ రాత్రి పనికొచ్చింది లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ కాదు, ఫోన్‌లో మోగిన హెచ్చరిక. ఆ హెచ్చరిక ఊరికే పుట్టదు. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ రోజుకు రెండుసార్లు దేశమంతటా బెలూన్లు ఎగరేసి పై గాలుల సంగతి కనుక్కుంటుంది. 2025 మార్చిలో సిబ్బంది చాలక నెబ్రాస్కాలోని ఒమహాలో, దక్షిణ డకోటాలోని రాపిడ్ సిటీలో ఆ బెలూన్లు ఆపేశారు. మరో ఆరు చోట్ల రోజుకు ఒకటికి తగ్గించారు. మా మీదికి చలి దిగివచ్చే దారి సరిగ్గా అదే. ఇంటి ముందు కుక్కను అమ్మేసి, దొంగలు సగటున నెలకు ఎంతమంది వస్తారో లెక్క చూసుకోమన్నారన్నమాట.

సరే, మాకు ఉద్యోగాలున్నాయి. పూలు పోతే ఫోటోలు పోతాయి, నాలుగు లైకులు పోతాయి. నవ్వుకుంటాం. కానీ ఈ సగటు అనే దరిద్రం నేను ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నది కాదు. చేవెళ్ళ వైపు చామంతి వేసిన రైతుకు ఇది పుట్టినప్పటి నుంచీ తెలుసు. దేశం మొత్తం మీద దీర్ఘకాలిక సగటులో 96 నుంచి 104 శాతం వాన పడితే ఆ ఏడు 'సాధారణం' అని మన వాతావరణ శాఖ రాస్తుంది. జూలై అంతా చుక్క పడక నారు మాడిపోయి, సెప్టెంబరులో నాలుగు రోజుల్లో చేను చెరువైపోయినా, కూడి చూస్తే సాధారణం! పేపర్లో హెడ్డింగు కూడా అదే. దేశంలో వాతావరణ ఆధారిత పంటల బీమా అని ఒకటి పెట్టారు. అందులో పరిహారం తేల్చేది రైతు చేను కాదు, ఎక్కడో ఉన్న రిఫరెన్స్ వాతావరణ కేంద్రం. చేతిలో కుళ్ళిన పంట పట్టుకుని నిలబడ్డ మనిషికి, ఆ కేంద్రంలో అంత వాన నమోదు కాలేదయ్యా అని ఏ నోటితో చెబుతారు? వాడి కళ్ళముందు పడ్డ వాన అబద్ధం, ఎక్కడో డబ్బాలో పడని వాన నిజమా? ప్రీమియం వాడి సొంత చేతి నుంచి కట్టించుకుంటారు, నష్టం మాత్రం ఊరుమ్మడి లెక్కలో చూస్తారు. మిగిలిన పూలు ఎలాగో మూటకట్టుకుని తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు తీసుకొస్తే, తడిసిన సరుకని కిలోకు బేరం సగానికి కోస్తారు. అక్కడ సగటు ధర ఇమ్మని అడిగి చూడండి, ఎవరైనా ఇస్తారేమో! సగటు అనేది ఎప్పుడూ ఇచ్చేవాడికి చుట్టం, తీసుకునేవాడికి కాదు.

కోపం వచ్చింది, క్షమించండి. వ్యంగ్యం రాద్దామనే మొదలుపెట్టాను.

మళ్ళీ పూలకు వద్దాం. మొన్న ఒక డెకరేటర్ అమ్మాయి ఫోన్ చేసింది. ఓణీల ఫంక్షనట, మే నెలలో, మదర్స్ డే నాడు. రెండూ కలిసొచ్చాయని ఇంట్లోవాళ్ళు మురిసిపోతున్నారట. స్టేజీ నిండా రనంక్యులస్ కావాలి, పీచ్ రంగు, లోకల్‌గా పండినవే కావాలి, ఎందుకంటే కార్డులో 'లోకల్ ఫ్లవర్స్' అని అచ్చేశారు. ముహూర్తం మారదు, రంగు మారదు.

"అమ్మా, మేలో ఇక్కడ ఎండ 32 దాటుతుంది, ఏప్రిల్‌తోనే అయిపోతుంది" అన్నాను.

"అదేంటి అంకుల్, లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ మార్చిలోనే అయిపోయింది కదా! ఇంకేం ప్రాబ్లం?"

మేలో నా దగ్గర ఉండే లోకల్ రనంక్యులస్ దుంపలేనని చెప్పాను. కావాలంటే కిలోల లెక్కన ఇస్తాను, డెలివరీ చార్జీ వేరే. పీచ్ రంగువో కాదో మాత్రం వచ్చే వసంతం దాకా తెలియదు.