గెస్ట్ రూమ్ క్లోజెట్‌లో కాపురముంటున్న తూటాల వారికి

మహారాజశ్రీ 5.56 రైఫిల్ తూటాల వారి సముఖమునకు,

డాలస్ పక్కన మా ఇంట్లో, ఆకుపచ్చ ఇనప డబ్బాల్లో, మూతకి రబ్బరు వాషరూ లోపల సిలికా జెల్ పొట్లాలూ వేయించుకుని మీరు క్షేమంగానే ఉన్నారు. నా పట్టుచీరలకి ఆ భాగ్యం లేదు. మిమ్మల్ని ఉంచాలా, అమ్మాలా అని మా ఆయన ప్రతి వీకెండూ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. సోమవారానికి ఏదీ తేలదు. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

మీరు మా ఇంట్లో కాలు పెట్టింది 2020లో, ఈయనకి గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదే. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నన్నాళ్లూ, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, మిమ్మల్ని దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. కాబట్టి అప్పటిదాకా బుద్ధిగా టెన్నిస్ ఆడుకున్నారు. కార్డు చేతికొచ్చేసరికి ఒక పక్క కోవిడ్, ఇంకో పక్క ఎన్నికలు. షాపుల్లో అరలన్నీ ఖాళీ. మనిషికి రెండు పెట్టెలే అని బోర్డు. ఆ బోర్డు చూశాక మనవాళ్లు ఆగుతారా? నన్ను కూడా లైన్లో నిలబెట్టారు. 2019లో ఒక్కొక్కరు 30, 35 సెంట్లకి దొరికిన మీరు డాలరు వైపు పరుగెడుతున్న రోజులవి. "ఇంకా పెరుగుతుంది చూడు" అన్నారు. చూశాను. తర్వాత సుమారు సగానికి దిగారు.

మీ జాతకమే అంత. జనానికి భయమేస్తే మీకు గిరాకీ. 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ స్కూల్లో కాల్పుల తర్వాత మీకోసం తొక్కిసలాట జరిగింది. పిల్లలు పోయారని కాదు, చట్టాలు బిగిస్తే మీరు దొరకరేమోనని! బుల్లి .22 తూటాలు కూడా చాలాకాలం కంటికి కనబడలేదు. 2016లో ట్రంప్ గెలిచాక ఇక ఎవరూ మన తుపాకుల జోలికి రారని జనం కుదుటపడ్డారు, అమ్మకాలు పడిపోయాయి, 2018లో తుపాకులూ తూటాలూ చేసే రెమింగ్టన్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. (దేశమంతా కొనడానికి ఎగబడిన 2020లో మళ్లీ వేసింది. అదెలాగండీ అని అడిగితే మా ఆయన స్ప్రెడ్‌షీట్ తెరిచారు.) మీకు రేటు బాగున్నప్పుడు ఈయనకీ భయమే, అందుకని అమ్మరు. భయం తగ్గాక రేటు ఉండదు, అందుకని అమ్మరు.

గుంటూరు జిల్లాలో మా తాతగారికి లైసెన్సు తుపాకి ఉండేది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవారు. ఇక్కడ ఎన్నికలొస్తే మీరే అతిథుల్లా ఇంటికొచ్చేస్తారు.

పోనీ అమ్మేద్దామంటే ఎవరికి? టెక్సాస్‌లో పక్కింటాయనకి అమ్మడానికి కాగితం ముక్క కూడా అక్కర్లేదు. కానీ ఆయన గ్యారేజ్ కూడా మీ బంధువులతోనే నిండిపోయి ఉంది. ఫేస్‌బుక్‌లో పెట్టనివ్వరు. పోస్టాఫీసు వాళ్లు మిమ్మల్ని ముట్టుకోరు. మీరు వెయ్యి మంది కలిస్తే 12 కిలోలు, కొరియర్ ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. మన ఫ్రెండ్స్‌కి అంటగడదామంటే వాళ్లలో చాలామంది ఇంకా హెచ్1బీ మీదే. తెలిసి అమ్మితే కొన్నవాడూ ఇరుక్కుంటాడు, అమ్మిన ఈయనా ఇరుక్కుంటారు. ఇండియా ప్రయాణమప్పుడు నా టెన్షన్ వేరే. బాదంపప్పు, చాక్లెట్లు సర్దే ముందు ప్రతి సూట్‌కేసూ తలకిందులు చేసి దులుపుతాను. మీలో ఒక్కరు ఏ జిప్పులోనో దాక్కుని శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆర్మ్స్ యాక్ట్ కేసు.

కాల్చేయండి, పీడా పోతుంది అన్నాను. ఆయన మిమ్మల్ని ఒకరిని తీసి లైటు కింద పెట్టి చూపించారు. అడుగున 'ఎల్‌సీ' అని అచ్చు. మిస్సోరిలో 1941లో పెట్టిన లేక్ సిటీ సైనిక కార్ఖానా అట. ఇత్తడి మెడ దగ్గర నీలంగా కమిలి ఉంది. అది మచ్చ కాదట, మెడ పగలకుండా కాల్చి మెత్తబరిచిన గుర్తట. "ఇంత మంచి సరుకుని అట్టముక్క మీద కాల్చుకుంటారా ఎవరైనా?" అని మళ్లీ డబ్బాలో పడుకోబెట్టారు. కాల్పులు ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి వెళ్లాలంటే వేరే చవకరకం కొనుక్కుంటున్నారు. అంటే మిమ్మల్ని ఖర్చు చేయకుండా ఉండడానికి కూడా మాకు ఖర్చే.

ఇప్పుడు అసలు విషయం. వచ్చే నెల మా అత్తగారు విజిటర్ వీసా మీద వస్తున్నారు. ఆ గెస్ట్ రూమే ఆవిడది. కనబడ్డ డబ్బా మూతల్లా తీసి పప్పులో ఉప్పులో చూసే అలవాటు ఆవిడకి. విజిటర్ వీసా కూడా హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాయే, చట్టం ఆవిడకీ అదే. లాయర్‌కి ఫోన్ చేస్తానంటే మా ఆయన మొదటిసారి కంగారుపడ్డారు. ఈ శనివారంలోగా ఆ క్లోజెట్ ఖాళీ కావాలి. ఎవరింటికి వెళ్తారో, ఎంతకి వెళ్తారో మీరూ ఆయనా తేల్చుకోండి.

ఇట్లు,
రెండు పెట్టెల కోసం లైన్లో నిలబడ్డ ఇల్లాలు