మెళ్లో వేలాడిన వాటర్‌ప్రూఫ్ పౌచ్ గారికి

మహారాజశ్రీ వాటర్‌ప్రూఫ్ పౌచ్ గారికి, విజయవాడ సింగ్ నగర్ నుంచి మిమ్మల్ని కొన్నవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా కులాసా. అండమాన్‌లో ఆ తాబేలు ఎలా ఉందో మాత్రం కబురు లేదు.

సముద్రంలో ఫోను తడవకుండా మెళ్లో వేసుకోవడానికి, బీసెంట్ రోడ్డులో 300 చెప్పిన మిమ్మల్ని 150కే చేతిలో పెట్టినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. "సముద్రంలో ముంచినా చుక్క నీరు లోపలికి పోదు సార్" అన్నాడు కొట్లో కుర్రాడు. నిజంగానే పోలేదు. లోపలి ఆవిరి కూడా బయటికి పోలేదు. ఆ సంగతి తర్వాత.

విజయవాడలో బయల్దేరి, చెన్నైలో విమానమెక్కి, శ్రీ విజయపురంలో దిగాం. 2024 సెప్టెంబరు దాకా ఆ ఊరు పోర్ట్ బ్లెయిర్. "ఇంత డబ్బు పోసి మళ్లీ విజయపురానికేనా బావా" అని మా బావమరిది గొణిగాడు. అక్కడినుంచి షిప్పులో నీల్ ఐలాండుకి. దానికీ 2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు. బీచులకు మాత్రం పాత పేర్లే: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. రాముడికంటే ముందు అవతారమైన కూర్మం భరత్‌పూర్ నీళ్లలో గడ్డి మేస్తుంటుంది. హాస్యానికి అనడం లేదు. పెరిగిన పచ్చ తాబేలుకి సముద్రగడ్డే ముఖ్యమైన తిండి.

నీళ్లలోకి దిగేముందు గైడు కుర్రాడు నాలుగు మాటలు చెప్పాడు. 3 మీటర్ల దూరం ఉండాలి, వెంటపడకూడదు, పైనుంచి కమ్ముకోకూడదు, ముట్టుకోకూడదు. 3 మీటర్లంటే ఆటో పొడవుకన్నా కాస్త ఎక్కువ. బెంజి సర్కిల్లో ముందు బండికి బెత్తెడు దూరంలో బ్రేకు వేసే నాకు అంత ఖాళీ వదలడమంటే ఆస్తి రాసిచ్చినట్టే. అయినా బుద్ధిగా తలూపాను. అప్పుడు మీరు నా ఛాతీ మీద చల్లగా కదిలారు.

తాబేలు కనిపించింది. పౌచ్ గారూ, మొదటి నిమిషం నేను మర్యాదస్తుణ్నే. రెండో నిమిషంలో మీరు "ఇంకాస్త దగ్గరికి" అన్నారు. మీ ప్లాస్టిక్ మీంచి నొక్కితే ఫోను పలకదు. ఒకసారి నొక్కితే కెమెరా తెరుచుకోదు, రెండోసారి నొక్కితే మా మేనత్తకు ఫోన్ వెళ్తుంది. నేను మీతో కుస్తీ పడుతూనే దాని వెనకాల తన్నుకుంటూ పోయాను. అది మేత ఆపింది, పక్కకు తిరిగింది, కాస్త వేగం పెంచింది. నాకది పోజు ఇస్తున్నట్టు తోచింది.

తర్వాత అది పైకి లేచింది. సరిగ్గా దాని నెత్తిమీద మనిద్దరం. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి నోట్లో గొట్టం పీకేసి అరిచింది: "నాన్నా, అడ్డు లే! అది ఊపిరి పీల్చుకోవడానికి వస్తోంది!" తాబేలుకి మొప్పలుండవని, మనలాగే ఊపిరితిత్తులని, తరిమితే దానికి గాలి త్వరగా అయిపోతుందని పిల్లకు తెలుసు. ఇంజినీరింగ్ చదివిన నాకు తెలియదు. చెరువు తాబేలైతే తల డిప్పలోకి లాక్కుని మన మొహం చూడకుండా తప్పించుకునేది. సముద్రపు తాబేలుకి ఆ సౌకర్యం లేదు. నన్ను పూర్తిగా చూసి, చుట్టు తిరిగి అవతల తేలి, గాలి పీల్చుకుని పోయింది.

ఈలోగా బావమరిది దాని వీపు నిమరబోయాడు. గైడు వాడి చెయ్యి పట్టుకుని లాగి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గురించి హిందీలో ఏదో చెప్పాడు. ఆ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జీవాల పట్టిక, అంటే మొదటి షెడ్యూల్లో, పులి ఉంది, సముద్రపు తాబేళ్లూ ఉన్నాయి. పులి వీపు నిమరడానికి మావాడు ఎన్నడూ ఉత్సాహపడలేదు.

ఇక మీ సేవాఫలం. మొత్తం నలభై ఒక్క ఫోటోలు. ముప్పై ఎనిమిదింటిలో ఆవిరి, రెండింటిలో నా బొటనవేలు. మిగిలినదాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెడితే మేనత్త "దోసకాయ బాగుంది నాయనా, ఏ రకం?" అని అడిగింది.

మా ఆవిడ దగ్గర మీరు లేరు, ఫోనూ లేదు. లైఫ్ జాకెట్ వేసుకుని, బోర్లా తేలి, ఒకేచోట ఉండిపోయింది. నేను తరిమిన తాబేలు కాసేపటికి ఆమె వైపే వెళ్లి మళ్లీ మేయడం మొదలుపెట్టిందట. ముందు రెక్కల మీద గచ్చు పరిచినట్టు పొలుసులు, గడ్డి కొరికిన ప్రతిసారీ లేచే ఇసక, వెనకాలే తిరిగే చారల చేపలు. ఇవన్నీ ఇంటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఇరుగుపొరుగుకి గంటసేపు చెప్పింది. నేనూ మొదటిసారి వింటున్నట్టే విన్నాను. ఒకరకంగా మొదటిసారే.

ఇప్పుడు ఆమెకు మరో ఆలోచన వచ్చింది. శీతాకాలం చివర్లో మన సూర్యలంక వైపు తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు చూసొద్దామంటోంది. అక్కడ ఫ్లాష్ వెలగకూడదు. రాత్రి ఒడ్డెక్కిన తల్లి వెలుతురు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనుదిరగొచ్చు. పిల్లలైతే లైటే సముద్రమనుకుని ఊళ్లోకి నడుస్తాయి. నా ఫోను ఇంట్లోనే పెట్టి రావాలని తల్లీకూతుళ్లు తీర్మానించారు. బావమరిదికి చెప్పనేలేదు.

మీ గురించి బెంగ వద్దు. బుడమేరు వాగు ఇళ్లలోకి వచ్చి వెళ్లినప్పటినుంచి మా వీధిలో నీళ్లు పోని సంచి అంటే భక్తి. మా ఆవిడ మీలో ఇంటిపన్ను రసీదులు, ఆధార్ జిరాక్సులు పెట్టి, బీరువా పై అరలోకి ఎక్కించింది. తాడు కత్తిరించి పిల్ల సైకిల్ తాళానికి కట్టింది.

ఇట్లు,
మీ మెడ