పందిరి చిక్కుడు గింజలను మాఘంలో ఎలా అమ్ముతారు?

ఈ రోజు పొద్దున మా పక్కింటి పిన్నిగారు పందిరి చిక్కుడు తీగను మొదలంటా కోసివేయబోతుంటే పరుగున వెళ్లి ఆపాను. ఎప్పుడు పెట్టినా కాస్తుందన్న దుకాణదారు మాట నమ్మి ఆమె మాఘమాసంలో గింజలు పెట్టారు. ఇప్పుడు ఆషాఢం వచ్చింది. తీగ పిట్టగోడ దాటి వేపకొమ్మల దాకా ఎగబాకింది, ఆకులు అరచేతి వెడల్పున ఉన్నాయి, పూగుత్తి మాత్రం ఒక్కటీ లేదు. ఇదేమిటని అడగడానికి వెళ్తే, అదే దుకాణంలో పూత మందంటూ ఒక సీసా అంటగట్టి పంపారట. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది.

మన పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితే తప్ప పూతకు రాదు. తొలకరికి గింజ పెడితే కార్తీకం దాటేసరికి పూత పట్టి, సంక్రాంతికి గుత్తులుగా కాస్తుంది. మాఘంలో పెడితే ఆపైన పగళ్లు పెరుగుతూనే ఉంటాయి కనుక తీగ సాగుతుంది, ఆకు వేస్తుంది, అంతే. ఏ సీసాలోని మందూ పగటి పొద్దును తగ్గించలేదు. పొద్దుతో పనిలేకుండా కాసే చిక్కుడు కావాలంటే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్కా జయ్, అర్కా విజయ్ అనే పొద రకాలను ఏనాడో ఇచ్చింది. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఒక ఇల్లాలి అయిదు నెలల నీళ్లమోత వృథా అయ్యేది కాదు. ఆ పొట్లాన్ని తిప్పి చూశాను. మొలక శాతం ఉంది, పరీక్షించిన తేదీ ఉంది, ధర ఉంది, ఏ ప్రాంతంలో ఏ నెలలో విత్తాలో మాత్రం ఎక్కడా లేదు.

నిజానికి నా కోపం ఇంతకంటే పాతది. మిద్దె తోటల వీడియోలలో మనవాళ్లే అమెరికా వ్యవసాయ శాఖ గీసిన 13 జోన్ల పటం చూపించి, మనది ఫలానా జోన్ అని చెబుతున్నారు. ఆ పటం చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి గీసినది, ఏ మొక్క అక్కడి చలికి బతుకుతుందో చెప్పడానికి పనికివచ్చేది. బెజవాడలో మొక్కను చంపేది చలి కాదు, వైశాఖపు ఎండ. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో వేసవి టమాటా విరగకాస్తుంటే, అది చూసి కృష్ణా తీరంలో మార్చిలో నారు పోసినవారికి చివరకు ఎండు పూతే మిగులుతుంది. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఉండగా, సముద్రాల అవతలి పటం మనకెందుకు?

విత్తనాల కంపెనీలు ప్రతి పొట్లం మీదా కోస్తా, తెలంగాణ, రాయలసీమ, ఏజెన్సీ ప్రాంతాలకు విడివిడిగా విత్తే నెలలను తెలుగులో అచ్చువేయాలి. అంతవరకు, ఏ నెలలో పెట్టాలని అడిగితే సరైన జవాబు చెప్పలేని దుకాణంలో నేను గింజ కొనను, దయచేసి మీరూ కొనవద్దు.