మన నేల కింది డైనోసార్ మన పిల్లలకు తెలియదు

2024 డిసెంబర్ 4, పొద్దున 7.27 గంటలు. హనుమకొండలో అక్క వాళ్లింట్లో చాయ్ తాగుతున్నాం. వంటింట్లో గిన్నెల స్టాండు గలగలమన్నది. టేబుల్ మీద స్టీలు గ్లాసులో నీళ్లు సన్నగా వణికాయి, అంచు నుంచి నడిమికి చిన్న చిన్న వలయాలు. భూకంపమని అందరం వాకిట్లోకి ఉరికాం. గుండె దడ తగ్గకముందే, ఆరో తరగతి చదివే మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "మామా, సినిమాలో డైనోసార్ వచ్చే ముందు నీళ్లు ఇట్లనే కదులుతయి కదా?" పక్కింటి పెద్దాయన గట్టిగా కసిరారు: "పానాల మీదికొస్తే నీకు సినిమాలు గుర్తొస్తున్నాయిరా?" వాడు తల దించుకున్నాడు.

పెద్దాయన టెన్షన్‌లో అన్న మాట అది, దాన్ని తప్పుపట్టను. కానీ ఆ పొద్దున మా వాకిట్లో అసలైన ప్రశ్న అడిగింది మాత్రం ఆ పిల్లవాడే. వాడు చూసిన చిన్న విషయాన్ని, వాడికి తెలిసిన ఇంకో విషయంతో కలిపి చూశాడు. సైన్స్ అక్కడే మొదలవుతుంది.

వాడు చెప్పిన సినిమా 1993లో వచ్చిన జురాసిక్ పార్క్. అందులో కారు డ్యాష్‌బోర్డు మీది గ్లాసులో నీళ్లు వలయాలు తిరిగే సీన్ కోసం, డ్యాష్‌బోర్డు కింద గిటార్ తీగ కట్టి మీటారు. తీగ కంపనం గ్లాసు అడుగుకు పాకి నీటి మీద అల అయింది. మా ఇంట్లో తీగ లేదు. ములుగు జిల్లాలో భూమి లోపల దాదాపు 40 కిలోమీటర్ల లోతున కదలిక పుట్టింది, తీవ్రత 5.3. అది రాళ్ల గుండా పాకి హనుమకొండలో మా గ్లాసు అడుగుకు చేరింది. తీగయినా, రాయి అయినా నీళ్లకు తెలిసింది కంపనమే. వాడి పోలిక నూటికి నూరుపాళ్లు సరైనది.

మరి ములుగులోనే ఎందుకు? ఇక్కడి నుంచి కథ సినిమాను మించిపోతుంది. ప్రాణహిత, గోదావరి పారే దారి వెంట భూమిలో పాత పగులు లోయ ఒకటి ఉంది. కోట్ల ఏళ్ల కింద రెండు వైపులా భూమి చీలి, నడిమి నేల మెల్లగా కుంగుతూ పోయింది. కుంగిన చోటల్లా నదులు ఇసుక, ఒండ్రు తెచ్చి నింపాయి. అడుగున పూడిన చెట్లూ చేమలే సింగరేణి బొగ్గు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనిలోనైనా, మందమర్రి బొగ్గు బాయిలోనైనా తీసేది ఆ అడవినే. పాత పగులు కాబట్టి ఆ దారిలో భూమి అప్పుడప్పుడు సర్దుకుంటూ ఉంటుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కంపించింది కూడా ఈ లోయలోనే.

అదే లోయలో, బొగ్గు పొరలకు చాలా పైన, డైనోసార్ ఎముకలున్నాయి. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో వందలాది ఎముకలు దొరికాయి. కనీసం పన్నెండు జంతువులవి. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ ఎముకలు దొరికిన రాతి పొరలను ప్రాణహిత ఒడ్డు మీది కోట అనే ఊరి పేరుతో పిలుస్తారు. పొడవాటి మెడ, ఆకులలములు తినే జంతువు, దాదాపు ఆర్టీసీ బస్సంత పొడవు. మన యామన్‌పల్లి పేరు ప్రపంచమంతటి సైన్స్ పుస్తకాల్లో ఉంది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది.

మా వాడికి సినిమాలోని డైనోసార్ టీరెక్స్ పేరు ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా వచ్చు. కోటాసారస్ పేరు వాడు విననేలేదు. నేనూ నలభై దాటాకే విన్నాను. మంచిర్యాల, భూపాలపల్లి వైపు బడుల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇందులో సినిమా తప్పేం లేదు. ఆ సినిమా పేరులో జురాసిక్ అని ఉన్నా, అందులో భయపెట్టే టీరెక్స్ ఆ కాలానిది కాదు. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి వరకు అమెరికా వైపు బతికింది. కోటాసారస్‌ది సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి అసలైన జురాసిక్ కాలం. అంటే టీరెక్స్‌కు మనం ఎంత దూరమో, కోటాసారస్ దానికి అంతకంటే ఎక్కువ దూరం. ఈ లెక్క చెప్పినప్పుడు మేనల్లుడు కాగితం మీద గీత గీసి మూడు చుక్కలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత, "బొగ్గు బాయిల డైనోసార్ దొరుకుతదా?" అన్నాడు. దొరకదు. మన బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడినది, డైనోసార్లు పుట్టకముందటిది. "మరి ఎముకల నుంచి మళ్ల పుట్టించొచ్చా?" పుట్టించలేం. న్యూజిలాండ్‌లో అంతరించిన పక్షుల ఎముకల మీద 2012లో చేసిన పరిశోధనలో, డీఎన్‌ఏ సుమారు 521 ఏళ్లకు సగం చెడిపోతుందని లెక్కగట్టారు. కోట్ల ఏళ్ల తర్వాత మిగిలేది ఏమీ ఉండదు.

నాకు కోపం వచ్చేది వేరే చోట. భూకంపం వచ్చిన రోజు సాయంత్రానికే నా ఫోన్‌లో ఫార్వర్డులు మొదలయ్యాయి, ఫలానా రాత్రి ఇంతకంటే పెద్దది వస్తుందని. రోజు, గంట చెప్పి భూకంపాన్ని ముందే పసిగట్టే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. అబద్ధం ఇంత చక్కటి తెలుగులో, గంటలోనే ఇంటికి వస్తుంటే, నిజం ఇంగ్లీషు పరిశోధన పత్రాల్లో ఆగిపోతున్నది. రామప్ప గుడి దగ్గర నీళ్లలో తేలే ఇటుకల సంగతి గైడు చెబుతుంటే జనం ఎంత శ్రద్ధగా వింటారో చూశాను. అట్లాంటి మనుషులకు ప్రాణహిత ఒడ్డున తెలుగులో ఒక బోర్డు, అక్కడి బడుల్లో కోటాసారస్ ఎముక నమూనా ఒకటి, ఓపెన్‌కాస్టు చూపించి పొరల గురించి చెప్పే ఒక పూట పెద్ద ఖర్చేమీ కాదు. జిల్లా విద్యాశాఖ, సింగరేణి కలిసి కూర్చుంటే ఒక్క వేసవిలో అయ్యే పని.

మొన్న మళ్లీ ఇంటికి వెళ్తే వాడు కొత్త ప్రశ్నతో కూర్చున్నాడు. "కోటాసారస్ ఉన్నప్పుడు గోదారి ఉన్నదా మామా?" ఈ గోదావరి లేదు, వేరే ఏరులు, చెరువులు ఉండేవని చెప్పాను. కోట పొరల్లోని సున్నపురాతిలో ఇప్పటికీ చేపల అచ్చులు దొరుకుతాయని, పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చని చెప్పాను. బడి సెలవులకు పోయి చూద్దామన్నాడు.