సవరణ: పార్కిన్సన్స్ మాత్ర పాలతో వేసుకోవద్దు

పోయిన వారం పర్లాకిమిడి నుంచి మా నాన్నగారి పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, కదలికలు నెమ్మదించే జబ్బు) గురించి రాసిన పోస్టులో, దానికి ఇచ్చే లెవోడోపా మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పకుండా ఉండడానికి పాలతోనో, పప్పన్నం తిన్న వెంటనేనో వేసుకోమన్నాను. అది తప్పు. గుణుపురం నుంచి ఒక అక్క ఫోన్ చేసి, వాళ్ల మామగారికి అలా వేస్తే మధ్యాహ్నం కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు అడుగు పడడం లేదని చెప్పారు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

పాలు, పప్పు, గుడ్డు, చేపల్లోని ప్రొటీన్ అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలూ లెవోడోపా కూడా ఒకే దారిలో పేగు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి వెళ్లాలి. దారిలో రద్దీ పెరిగితే మందు వెనకబడుతుంది. అందుకే సాధారణంగా భోజనానికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత, నీళ్లతో వేసుకోమంటారు. కడుపులో తిప్పితే రెండు బిస్కెట్లు చాలు. అలాగని పప్పు, దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు) మానిపించకండి. పెద్దవాళ్లు అసలే చిక్కిపోయి ఉంటారు.

ఇంకోటి, సంతలో దొరికే దూలగొండి గింజల పొడి కూడా ఇవ్వొచ్చన్నాను. ఆ గింజల్లో ఉన్నదీ లెవోడోపానే, పొడిలో ఎంతుందో తెలియదు. మాత్రకు తోడైతే మోతాదు మించి ఒళ్లు మెలికలు తిరగొచ్చు, బీపీ పడిపోవచ్చు. డాక్టరును అడగకుండా ఇవ్వకండి. భయపడి మాత్ర ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం.

పాత పోస్టులో ఆ రెండు మాటలూ తీసేశాను. వాట్సాప్‌లో అది పంపినవాళ్లు దయచేసి దీన్నీ పంపండి.